ఆగని పెడళ్ళు

నేను ఒక సైకిలు హబ్బుని. వెనక చక్రం మధ్యలో, చువ్వలన్నీ వచ్చి తగులుకునే గుండ్రటి ఇనుప ముక్కని. తీరిగ్గా పరిచయం చేసుకునే వీలు ఇప్పుడు లేదు. కొండవీధి డౌనులో దూసుకుపోతున్నాను. నా పైన క్యారియరు మీద అట్టలకు అట్టలు కోడిగుడ్లు. వాటి ముందు, సీటు మీద, వరహాలు. ఆమె కాళ్ళు రెండూ గాల్లో ఉన్నాయి.

"ఓలమ్మో! తప్పుకోండి బాబూ! పెడళ్ళాగట్లేదు!"

డౌను రాగానే ఆమె రోజూలాగే తొక్కడం ఆపింది. పెడళ్ళు మాత్రం ఆగలేదు. ఆమె పాదాలను ఎగరగొట్టి వాటి పాటికి అవి గిరగిరా తిరిగాయి. బ్రేకు నొక్కింది. రబ్బరు ముక్కలు రిమ్మును పట్టుకోబోయి జారిపోయాయి. ఎవరో పుణ్యాత్ములు ఇల్లు కట్టుకుంటూ రోడ్డు వారన ఇసక పోశారు. వరహాలు హేండిలు అటు తిప్పేసింది.

వరహాలు ఇసకలో మెత్తగా కూర్చుంది. గుడ్లు అంత మెత్తగా కూర్చోలేదు.

అవి నర్సింగు హాస్టలుకు వెళ్ళాల్సిన గుడ్లు. దసరా అన్నాళ్ళూ గుడ్డు మొహం చూడని అమ్మాయిలు ఆ పొద్దున ఆమ్లెట్ల కోసం కాచుక్కూచున్నారు. మెస్సు చూసుకునే దమయంతి మేడమ్ ముందే హెచ్చరించింది, ఇంకోసారి సైకిలు వంక చెబితే గుడ్ల పని ఆటోవాడికి ఇచ్చేస్తానని. ఆ హాస్టలు చేజారితే వరహాలు వ్యాపారం మూతపడ్డట్టే.

జనం పోగయ్యారు. అందరి చూపూ నా మీదే. నాకిది కొత్తేం కాదు.

పంజాబులో ఒక కార్ఖానాలో పుట్టాను. నన్ను మొదట కొన్నవాడు ఒక ఇంజనీరింగు విద్యార్థి. నాకు రెండు వైపులున్నాయి, చైను దేనికైనా తగిలించవచ్చు. ఒకవైపు ఫ్రీవీలు: తొక్కడం ఆపితే పెడళ్ళు ఆగుతాయి, చక్రం సాగుతుంది. రెండోవైపు బిగదీసిన పళ్ళచక్రం: చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరగాల్సిందే, వాటితో పాటు కాళ్ళూ. అతను స్టైలు కోసం రెండోవైపు ఎంచుకున్నాడు. బీచి రోడ్డులో తనకోసం ఎదురుచూస్తున్న అమ్మాయి దగ్గర ఆగబోయి, ఆగలేక, ఆమెను దాటి, ఆమె అన్నయ్య మోటారు సైకిలును గుద్దాడు. అన్నయ్య కూడా వచ్చాడని అతనికి అప్పుడే తెలిసింది. తప్పంతా హబ్బుదేనన్నాడు. ఇనుముతో మనుషులకున్న సుఖం అదే. ఏమన్నా ఎదురు చెప్పదు.

అలా అప్పలకొండ సైకిలు షాపులో రేకుడబ్బా పాలయ్యాను.

అక్కడికి వరహాలు ఒక పాత గేర్ల సైకిలు నడిపించుకుంటూ వచ్చింది, పక్కన మొగుడితో. గుడ్ల బరువుతో ఎత్తెక్కేటప్పుడు గేర్లు జారిపోతున్నాయట. అన్నీ పీకేసి ఒకే గేరుతో నడిచేట్టు చెయ్యమంది. అప్పలకొండ గోనెపట్టా మీద మూడు హబ్బులు పరిచాడు.

"ఈ పాత గేర్ల హబ్బే ఉంచీసి సందుల్లో రింగులెడితే పనైపోద్ది వరాలప్పా. సైను తిన్నగా వస్తాది. ఈ నల్ల సైకిలు హబ్బుకి వెడల్పు సాలదు. ఫ్రేము నొక్కాల, నొక్కితే ఇరుగుద్ది."

వరహాలు మొగుడు మూడోదాన్ని, అంటే నన్ను, ఎత్తి చూశాడు. "దీనికి రెండుపక్కలా పళ్ళున్నాయి కదేటి! ఒకటరిగితే ఇంకోటి. ఇదే ఎయ్యి."

"ఎయ్యొచ్చు బావా. కానీ ఆ రెండోపక్కకి సైను తగిలించకూడదు. పెడళ్ళాగవు."

ఆయన తలూపాడు. అవతలివాడి మాట తొందరగా అయిపోవాలని మనుషులు ఊపే తీరులో.

అప్పలకొండ నన్ను ఫ్రీవీలు వైపే బిగించాడు. ఆ రోజు నుంచి పండగ దాకా ఒక్క గుడ్డు కూడా పగల్లేదు. ఈ ముక్క ఇసక చుట్టూ మూగిన జనంలో ఎవరైనా గుర్తుచేస్తారేమోనని చూశాను. ఎవరూ చెయ్యలేదు.

వరహాలు మొగుడు పరుగెత్తుకొచ్చాడు. "నాసిరకం హబ్బు అంటగట్టీసినాడు! ఏడీ ఆ అప్పలకొండ?"

అప్పలకొండ షాపు డౌను చివరే. పానా పట్టుకునే వచ్చాడు. వరహాలు చీరకున్న సొన తుడుచుకుంటూ, "తమ్ముడూ, దీన్ని పీకీసి పాతసామాన్లోడికి పడీ," అంది.

నా పని అయిపోయిందనుకున్నాను. నోరుంటే ఒక్క ముక్క చెప్పేవాణ్ణి.

అప్పలకొండ మొదట నా చక్రం రిమ్ము మీద వేలితో రాసి వాసన చూశాడు. కొబ్బరి నూనె, గంధం. తర్వాత నా వైపు వంగాడు. చైను ఉండకూడని వైపు ఉంది. చువ్వల మధ్య కుంకుమ బొట్లు.

"సక్రం ఎవులు తీసేరు?"

"నానే తీసాను. అయితే ఏటి?" అన్నాడు వరహాలు మొగుడు. "నిన్న దసరాకి ఆయుధ పూజ కదా. సైకిలంతా దేవుడి గూటి ముందర పట్టదు. సక్రం తీసి, నూనెట్టి తుడిసి, బొట్లెట్టి బిగించీసాను. పద్ధతిగా."

"బొట్లు కుడేపుకొచ్చినాయి, సైనుండే పక్కకి."

"మరి కుడేపుకే రావాల! బొట్టెట్టిన పక్కని తీసుకెల్లి ఎడమకెడతారేటి ఎవులైనా?"

జనం గొల్లుమన్నారు. అప్పలకొండ పానాతో తల గోక్కున్నాడు. "సక్రం తిరగేసీసినావు బావా. నేనొద్దన్న పక్కే సైను తగిలించీసినావు."

పొద్దున వరహాలు ఇంటి దగ్గర్నుంచి డౌను దాకా ఆపకుండా తొక్కుకుంటూనే వచ్చింది. అందుకే అంతవరకూ తెలియలేదు.

అప్పుడే ఫోను మోగింది. వరహాలు చేతుల నిండా సొన. అప్పలకొండే స్పీకరు నొక్కి పట్టుకున్నాడు.

"వరహాలూ, గుడ్లేవి? ఇక్కడ అమ్మాయిలు కంచాలు వాయిస్తున్నారు," దమయంతి మేడమ్ గొంతు.

"సగం పగిలిపోనాయండి. మిగిలినవి అట్టుకొస్తన్నానండి."

"మళ్ళీ సైకిలేనా? ఆటోవాడికి ఫోను చేస్తున్నా."

"సైకిలు తప్పు కాదండి! హబ్బు బంగారంలాంటిదండి!"

పుట్టి ఇన్నాళ్ళకు నాకు దొరికిన మొదటి మంచిమాట.

"మరి ఎవరి తప్పు?"

"మా ఇంటాయనండి."

"పేరేమిటి?"

"అదేనండి… ఆల్లండి."

"పేరు లేని మనిషి మీదకు తోసేస్తే నమ్మాలా? నా దగ్గర సాకులు అల్లకు. పేరు చెప్పు, లేదంటే రేపట్నుంచి రావద్దు."

పెళ్ళయిన నాటి నుంచి వరహాలు మొగుడి పేరు పలకలేదు. పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని అత్తగారు చెప్పింది. రేషను షాపులో అడిగినా పక్కవాళ్ళే చెప్పాలి. సాయం చేద్దామని అప్పలకొండ నోరు తెరిచాడు. వరహాలు వద్దని చెయ్యి అడ్డం పెట్టింది.

"వరాలూ, వద్దే! నా ఆయుస్సే!" అన్నాడు మొగుడు, రెండు చేతులూ జోడించి.

వరహాలు ఇసకలో పారుతున్న పచ్చసొన చూసింది. పగలకుండా మిగిలిన అట్టలు చూసింది. ఆయుష్షు కాస్త తరిగినా తట్టుకోగల మనిషేనా అన్నట్టు మొగుణ్ణి కింద నుంచి పై దాకా చూసింది. ఫోను మీదకు వంగింది.

"నూకరాజండీ! సక్రం తిరగేసీసింది మా నూకరాజండీ!"