ఇరవై రెండో నిబంధన

"మా ఇంట్లో ఆడమనిషి ఊరికే ఉంటాది సార్. ఏదో పొద్దుపోక చెంచాలు రుద్దతా ఉంటాది."

సొసైటీ పెట్టించడానికి నెల్లూరు నుంచి వచ్చిన ఆఫీసరుతో మా ఆయన వహాబ్ ఈ మాట అనేటప్పటికి నా ముందు గంపెడు చెక్క చెంచాలున్నాయి. తెల్లవారకముందు నుంచి వాటికి ఆకురాయి పట్టి, ఉప్పుకాగితంతో రుద్దుతున్నాను. మధ్యలో అన్నం వార్చాను, పిల్లల్ని బడికి పంపాను, ఆ ఆఫీసరుకు టీ కూడా ఇచ్చాను. ఉదయగిరి చెంచాలను చేతిలోకి తీసుకున్నవాళ్ళు మెచ్చుకునేది ఆ నునుపునే. కర్ర కోసి మలిచేది మగవాళ్ళు, నిజమే. ఆ తర్వాతి పనంతా మాది. దానికి మాత్రం చేతిసాయమని పేరు. నాకు కోపం రాలేదని అబద్ధం చెప్పను. చేతిలో ఉన్న చెంచా కాడ పుటుక్కున విరిగింది.

ఆ ఏడే, ఎనభై రెండులో, మా పనివాళ్ళకు సొసైటీ పెట్టినప్పుడు ఆయన ప్రెసిడెంటయ్యారు. ఏడుగురు డైరెక్టర్లలో ఇద్దరు ఆడవాళ్ళుండాలన్నారు కాబట్టి నన్నూ, ఎవరికీ ఎదురు చెప్పదని సుగ్రాబీనీ వేశారు. నా రాత గుండ్రంగా ఉంటుందని సెక్రటరీ పని కూడా నాకే అంటగట్టారు. "మూడు కాపీలు రాయి మునీరా, ఆఫీసులో ఇయ్యాల" అని నిబంధనల కట్ట ఒళ్ళో పడేశారు. నలభై ఒక్క నిబంధనలు, మూడేసి సార్లు. ఆయన చదవకుండానే సంతకాలు పెట్టేశారు. రాసిన నాకు ప్రతి అక్షరం నోటికొచ్చేసింది. మెంబరంటే "ఈ పని చేసేవారు" అని ఉంది, మగవారని ఎక్కడా లేదు. సొసైటీకి వచ్చే కొండ కర్ర మెంబర్లకే ఇస్తారు. మగదిక్కు లేని ఆడది సొంతంగా చెంచాలు చేయించి అమ్ముకోవాలన్నా ఆ కర్ర కోసం ఎవరి గడప దగ్గరో నిలబడాలి. అందుకే పద్నాలుగు మంది ఆడవాళ్ళ చేత మెంబరు అర్జీలు పెట్టించాను.

మీటింగు రోజు ఆ పద్నాలుగు మందీ వరండాలో కూర్చున్నారు. వాళ్ళను చేర్చుకోవాలని నేను తీర్మానం చదివాను. వడ్రంగి పెంచలయ్య బలపరిచాడు.

"కుదర్దు. కొట్టేసినా. తర్వాతది చదువు" అన్నారు మా ఆయన, కూరలో ఉప్పు తగ్గిందన్నంత తేలిగ్గా.

పదిహేనేళ్ళ కాపురంలో ఆయన కుదరదన్న తర్వాత నేను నోరు విప్పింది లేదు. "మొగోడు కాదన్నాక ఎందుకని అడుగుతారంటే పిల్లా?" అనేది మా అత్త. ఆవిడా ఏనాడూ అడిగి ఉండదు పాపం.

"ప్రెసిడెంటు గారూ" అన్నాను. ఆ పిలుపుకు ఆయన ఉలిక్కిపడ్డారు. "పెట్టిన తీర్మానాన్ని కొట్టేసే అధికారం మీకు లేదు. ఓటుకు పెట్టాల. అందరి మాదిరే మీకూ ఒక్క ఓటు. రెండు పక్కలా సమానంగా వస్తేనే ఇంకొకటి."

"ఎవురు చెప్పింది?"

"మీరు సంతకం పెట్టిన కాగితం."

వరండాలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచారు. "మీటింగు అయిపోయింది, పోదాం పాండి!" బర్కతుల్లా, ఇంకో డైరెక్టరు ఆయన వెంట నడిచారు. ఇంట్లో ఆయన పళ్ళెం ముందు నుంచి లేస్తే అందరి భోజనాలూ అయిపోయినట్టే. ఇక్కడా అంతే అనుకున్నారు.

మిగిలింది నలుగురం: నేను, సుగ్రాబీ, పెంచలయ్య, అల్లాబకాష్. మీటింగు జరపడానికి నలుగురు చాలు. కానీ అల్లాబకాష్ అప్పటికే ఒక కాలు చెప్పులో పెట్టేశాడు. అతను కూడా వెళ్ళిపోతే ఆ పద్నాలుగు అర్జీలూ పొయ్యిలోకే.

"ఒరే, యాడికిరా పోయేది?" వరండాలోంచి అతని తల్లి మస్తాన్బీ అరిచింది. "మీ నాయన చెంచాలు రుద్దినాను, నీ చెంచాలు రుద్దతా ఉండాను. నా కోసరం పావుగంట కూచోలేవా?"

అల్లాబకాష్ తల వంచుకుని వచ్చి కూర్చున్నాడు.

పుస్తకం తెరవకుండానే ఇరవై రెండో నిబంధన అప్పజెప్పాను. అధ్యక్షుడు మధ్యలో వెళ్ళిపోతే, ఉన్నవాళ్ళు తమలో ఒకరిని ఎన్నుకుని సభ సాగించవచ్చు. నేను సుగ్రాబీ పేరు చెప్పాను. మిగతా ఇద్దరూ సరేనన్నారు.

"నేనా? ఆ కుర్చీలోనా?"

"నువ్వే ఆపా."

కొంగు సర్దుకుని కూర్చుంది. ఎవరికీ ఎదురు చెప్పదనుకున్న సుగ్రాబీ, "ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండి" అని బజారుకు వినబడేలా అంది. నాలుగు చేతులు లేచాయి. వరండాలో ఆడవాళ్ళు వేసిన కేకలకు ఎదురింటివాళ్ళు బయటికొచ్చారు. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

సాయంత్రం అన్నం దగ్గర ఆయన అందుకున్నారు. "నేను లేకుండా మీటింగేంది? రేపే రద్దు చేస్తా."

"మీ ఒక్కరివల్ల కాదు. మెంబర్లందరూ వచ్చే జనరల్ బాడీలో పెట్టండి."

"పెడతా! ఆడ నా మాట కాదనేవాడెవుడు?"

"మెంబర్లలో మగవాళ్ళు పన్నెండు మంది. ఈ పొద్దు నుంచి మేము పదహారు."

ఆయన ఎంగిలి వేళ్ళతోనే లెక్కపెట్టుకున్నారు. కూర ఇంకొంచెం వడ్డించాను.

"వచ్చే నెల ప్రెసిడెంటు ఎలక్షనుండాది" అన్నాను. "నేను నిలబడతా ఉండాను."