బుల్లియ్యకు రెండు మార్కులు

తొంభై తొమ్మిది ఏప్రిల్లో, డిగ్రీ పరీక్ష పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వెళ్ళింది క్రిస్టినా. ఎండ దంచేస్తోంది. స్పాట్ వాల్యుయేషన్ హాల్లో ఫ్యాన్లు తిరిగేదానికంటే మూలిగేదే ఎక్కువ. పాలకొల్లు కాలేజీలో చాలా ఏళ్ళుగా తెలుగు చెబుతున్న మనిషి కాబట్టి ఇవేవీ ఆమెకి కొత్త కాదు. ఎర్ర పెన్ను పట్టుకుని, కొంగుతో మెడ తుడుచుకుంటూ, ఒక్కో పేపరూ తిప్పుతోంది.

బి.ఏ. ఉపవాచకం ఒక పాత నవల. ఏటిగట్టు పక్కన ఊరు. వరదల రాత్రి గట్టుకి గండి పడుతుంది. కామందు పొలం మునిగిపోకుండా పాలేరు బుల్లియ్య ఆ గండికి అడ్డంగా పడుకుని ప్రాణం వదులుతాడు. తెల్లారాక కామందు వచ్చి ఏడుస్తాడు. అరవై ఏళ్ళుగా ఆ పుస్తకాన్ని పొగుడుతూనే ఉన్నారు. ప్రశ్న కూడా ఏటా అదే: బుల్లియ్య పాత్ర ద్వారా రచయిత చిత్రించిన స్వామిభక్తిని వివరింపుము. పదహారు మార్కులు. పిల్లలంతా గైడు బట్టీపట్టి ‘బుల్లియ్య స్వామిభక్తికి నిలువెత్తు నిదర్శనం’ అని మొదలెడతారు. అప్పటికి దిద్దినవన్నీ అలాగే మొదలయ్యాయి.

మధ్యాహ్నం అన్నాలయ్యాక తీసిన పేపరు అలా మొదలవలేదు.

‘బుల్లియ్యది భక్తి కాదు’ అని ఉంది మొదటి వాక్యం. చేతిరాత కోడి గెలికినట్టుంది, ఒత్తులు సగం లేవు. ‘గండి చూసి అతను ముందు కామందు ఇంటికి పరిగెత్తాడు. మూడుసార్లు తలుపు కొట్టాడు. గోనెసంచులు ఇప్పించండి, నలుగురు మనుషుల్ని పంపండి అని అరిచాడు. లోపల దీపం వెలుగుతోందని రచయిత రాశాడు. ఆ దీపం ఊరికే రాయలేదు. వాళ్ళు మెలకువగానే ఉన్నారు. ఎవరూ రాలేదు కాబట్టి బుల్లియ్య చచ్చిపోయాడు. చచ్చిపోయాడు కాబట్టి భక్తుడన్నారు. బతికొచ్చుంటే, తలుపెందుకు తియ్యలేదండీ అని అడిగేవాడు.’

క్రిస్టినా పెన్ను పక్కన పెట్టేసింది. దిద్దేవాళ్ళ కోసం బల్ల మీద ఉంచిన నవల తీసి ఆ పేజీ వెతికింది. ఉంది. దీపమూ ఉంది, మూడుసార్లు తలుపు కొట్టడమూ ఉంది. గైడులో మాత్రం తలుపు లేదు, దీపం లేదు, గోనెసంచులు లేవు. పదిహేను మార్కులు వేసి, చుట్టూ గీత గీసింది.

చీఫ్ ఎగ్జామినర్ పల్లంరాజు గారు. మర్యాదస్తుడు, జరీ కండువా లేకుండా బయటికి రాడు. పిల్లలంతా బట్టీపట్టే గైడు రాసింది ఆయనే. దిద్దిన కట్ట సరిచూస్తూ ఆ పేపరు దగ్గర ఆగి, క్రిస్టినాని తన బల్ల దగ్గరికి పిలిపించాడు.

"ఏంటమ్మా ఇది? పదిహేనేంటి?"

"బాగా రాశారు సర్. పుస్తకం చదివి రాసిన పేపరు ఇదొక్కటే కనిపించిందండి."

"మార్కులు వేసే స్కీములో స్వామిభక్తి అని ఉంది. వీడు కాదంటున్నాడు. ప్రశ్ననే కాదన్నాక మార్కులెక్కడివి? రెండు వెయ్యండి, కాగితం నింపినందుకు."

"కాదన్నదానికి ఆధారం చూపించారండి. ఇదిగోండి, పేజీ కూడా తీశాను..."

ఆయన పుస్తకం వైపు చూడలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, పాపం అన్నట్టు నవ్వాడు.

"మీకెందుకు నచ్చిందో నేను అర్థం చేసుకోగలనులెండి. మీ తరపు వాళ్ళెవరో రాసుంటారు."

పక్క బల్లల దగ్గర పెన్నులు ఆగిపోయాయి.

క్రిస్టినా తాత పాలేరే. తండ్రి ఆరోన్ లూథరన్ మిషన్ బడిలో చదువుకుని పంతులయ్యాడు. ఇలాంటి నవ్వులు ఆమె కాలేజీలోనూ చూసింది, ఇల్లు అద్దెకి అడిగిన చోటా చూసింది. చూసి ఊరుకునేది. ఆరోజు ఎందుకో ఊరుకోబుద్ధి కాలేదు. అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా తరపు అంటే ఎవరండీ?"

"అబ్బే, మాటవరసకన్నానమ్మా."

"మాటవరసకే చెప్పండి. మా తరపు అంటే ఎవరు? తలుపు కొట్టేవాళ్ళా సర్?"

"గొంతు తగ్గించండి మేడం. ఇది క్యాంపు."

"తగ్గించనండి. మీరు గైడు రాసేముందు ఈ పేజీ చదివారా, చదవలేదా? చదవకపోతే ఆ కుర్చీలో ఎలా కూర్చున్నారు? చదివితే, దీపాన్ని ఎందుకు ఆర్పేశారు?"

ఆయన ముఖం జేవురించింది. అప్పటికే క్రిస్టినా పుస్తకం తెరిచి, హాలంతా వినబడేలా ఆ పేజీ మొదటినుంచి చివరిదాకా చదివేసింది. మండపేట నుంచి వచ్చిన సంపూర్ణమ్మ గారు తల వంచుకుంది. ఆవిడ ఆ నవలని పాతికేళ్ళు చెప్పింది.

"అయిందా?" అన్నాడు పల్లంరాజు గారు. "పుస్తకంలో ఏముందో కాదమ్మా మనం చూసేది. స్కీములో ఏముందో అది."

"ఆ మాట మీ నోటితోనే అన్నారు, చాలు," అంది క్రిస్టినా. "నేను రెండు వెయ్యను. ఈ కట్ట మీద సంతకమూ పెట్టను."

బ్యాగు తీసుకుని బయటికి నడిచింది. వరండాలో సంపూర్ణమ్మ గారు వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకుంది.

"మీరన్నది నిజమేనండీ. కానీ ఇప్పుడా కట్ట నాకిచ్చారు. నాకు వచ్చే ఏడే రిటైర్మెంటు..."

"ఎన్ని వేస్తారండీ?"

ఆవిడ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. క్రిస్టినాకి జాలి వేయలేదు. ఏడ్చేవాళ్ళు ఎప్పుడూ తెల్లారాకే వస్తారనిపించింది. చెయ్యి విడిపించుకుని బస్టాండుకి వెళ్ళిపోయింది. గోదావరి వంతెన దాటుతున్నప్పుడు కూడా పిడికిలి బిగించే ఉంది. ఆ పేపరు రాసింది అబ్బాయో అమ్మాయో, ఏ ఊరో, ఏ కులమో ఆమెకి తెలీదు. ఎప్పటికీ తెలీదు కూడా. ఆ ఒక్కరూ మాత్రం, తను తప్పు చదివాననుకుని బతుకుతారు.

యూనివర్సిటీ నుంచి మెమో వచ్చింది. క్షమాపణ రాసివ్వమన్నారు. బదులుగా ఆమె ఆ నవల మీద పెద్ద వ్యాసమే రాసి పంపింది. గైడులో ఏయే చోట్ల పుస్తకాన్ని తప్పించుకున్నారో పేజీ పేజీకీ చూపించింది. జవాబు రాలేదు గానీ, వాల్యుయేషన్‌కి పిలవడం మానేశారు.

మరుసటి ఏడు క్లాసులో గైడులు సంచుల్లో పెట్టించి, నవల పిల్లల చేతే చదివించింది. తలుపు దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీలోంచి ఒకడు, "దొంగ నా కొడుకులు, మెలకువగానే ఉన్నార్రా," అన్నాడు. క్రిస్టినా వాణ్ణి తిట్టలేదు. అందరికంటే లోతుగా అడిగింది లావణ్య అనే అమ్మాయి. కామందు తెల్లారి ఏడ్చింది బుల్లియ్య కోసమా, ఊళ్ళో జనం చూస్తున్నారనా అని.

మార్చిలో పరీక్ష రాసి బయటికొచ్చిన లావణ్య, గేటు దగ్గర క్రిస్టినాని చూసి తల దించుకుంది.

"బుల్లియ్య ప్రశ్నే వచ్చిందండి."

"ఏం రాశావే?"

"గైడులోదేనండి. తప్పితే మా నాన్న చదువు మాన్పించేస్తాడండి. మీరు చెప్పిందంతా గుర్తుందండి మేడం, ఒట్టు. కానీ..."

క్రిస్టినా ఆ పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "మంచిపని చేశావ్. పాసవ్వు ముందు," అంది. ఆ మాట అంటుంటే నోట్లో వేపాకు నమిలినట్టయింది. కోపం లావణ్య మీద కాదు. నిజం తెలిసిన పిల్లకి అబద్ధం రాయడమే మంచిపని అని తన నోటితోనే అనిపించిన వాళ్ళ మీద.

స్టాఫ్ రూముకి వెళ్ళి, ఫ్యాన్ వేసుకుని, తెల్లకాగితం తీసింది. వైస్ ఛాన్సలర్ గారికి అని రాసి, ఈసారి మర్యాద వాక్యాలేమీ లేకుండా నేరుగా విషయంలోకి దిగింది.