లోహిత రాని శనివారం

మార్టిన్ గడ్డం కింద చర్మాన్ని రెండు వేళ్ళతో సాగదీసి పట్టుకుని, దేవకుమారి రేజరును నెమ్మదిగా పైకి లాగింది. తొంభై దాటిన మనిషి. కాస్త ఒత్తితే తెగుతుంది. శనివారమైతే ఆయనకు గడ్డం గీయాల్సిందే, నీలం చొక్కా తొడగాల్సిందే. ఐర్లండులో నేవన్ అనే ఊళ్ళోని ఆ వృద్ధాశ్రమంలో ఆమె కేర్ అసిస్టెంట్. ఒళ్ళు తుడవడం, తినిపించడం, పక్కలు మార్చడం ఆమె పని. ఎమ్మెస్సీ చదివానని ఆమె చెప్పదు, ఎవరూ అడగరు.

"ఈజ్ షీ కమింగ్?" అన్నాడు మార్టిన్ నురుగులోంచి.

"ఎగ్జామ్స్, మార్టిన్. షీ విల్ కమ్ నెక్స్ట్ వీక్."

"ఆహ్, గ్రాండ్."

బడులు తెరిచినప్పటి నుంచీ ఇదే అబద్ధం. ఆయన ఎదురుచూస్తున్నది దేవకుమారి కూతురు లోహిత కోసం. వేసవి సెలవుల్లో ప్రతి శనివారం వచ్చి ఆయనతో పేకాడేది, ఆయన ఆవుల కథలకు పగలబడి నవ్వేది. పిల్లకు ఇంగ్లండులో పెద్ద పేరున్న కాలేజీలో మెడిసిన్ సీటు కావాలి. మార్కులొక్కటే చాలవు, సేవ కూడా చూపించాలట. ఈ విద్యలో డబ్లిన్ కృష్ణప్రసాద్ గారి మాట వేదవాక్కు, వాళ్ళమ్మాయికి సీటొచ్చింది మరి. వృద్ధాశ్రమంలో సేవ చేసినట్టు సర్టిఫికెట్ చేతికి రాగానే ఆయన తేల్చేశాడు: "ఇహ అక్కడే కూర్చుంటే టైం వేస్టండీ. రీసెర్చ్ పట్టించండి." గుంటూరు కోచింగ్ సెంటర్లో ఒక చాప్టర్ అవగొట్టి ఇంకోదానికి పోయినట్టు, మార్టిన్‌ను అవగొట్టి ముందుకు పోయారు.

ఆ పొద్దున ఆయన గంజి ముట్టలేదు. ఊపిరి గరగరమంటోంది. ఇవాళో రేపో అని నర్సు మెల్లగా చెప్పింది. దేవకుమారి వరండాలోకి వెళ్ళి భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, లోహితని ఒక్కసారి తీసుకురండి. ఈయన ఎక్కువసేపు ఉండేట్టు లేరు."

"ఇవాళ మాక్ ఇంటర్వ్యూ ఉంది దేవీ. మంగళవారం అసలుది," అన్నాడు మధుసూదనరావు. "ఇప్పుడొచ్చి ఏడ్చిందంటే అంతా డిస్టర్బ్ అయిపోద్ది. బుధవారం నేనే తీసుకొస్తాగా."

ఆయన చెడ్డవాడైతే పోట్లాడొచ్చు. కూతురి కోసం నిద్ర మానుకునే తండ్రితో ఏమని పోట్లాడుతుంది? "సరే" అంది. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి హాల్లో లాప్‌టాప్ ముందు లోహిత నిటారుగా కూర్చుని ఉంది.

"మార్టిన్ టాట్ మీ హౌ టు స్టే విత్ సమ్‌వన్," అంటోంది, ఇక్కడి పిల్లల యాసలో.

"వెరీ గుడ్ అమ్మా. అక్కడ కాస్త ఆగు, ఫీలవుతున్నట్టు," అన్నాడు తెర మీద కృష్ణప్రసాద్.

లోహిత ఆగింది. పిల్ల గొంతు నిజంగానే పూడుకుపోయిందని వంటింట్లో ఉన్న తల్లికి తెలిసింది. అన్నం గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వెళ్ళి ఆ లాప్‌టాప్ మూసేయాలనిపించింది. మూయలేదు.

అప్పుడే ఫోన్ మోగింది. మార్టిన్ పోయాడు. ఆయనకు ఎవరూ లేరు కాబట్టి, ఆఖరి స్నానం నువ్వు చేయిస్తావా అని నర్సు అడిగింది.

"అయ్యో పాపం," అన్నాడు మధుసూదనరావు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళు తిరిగాయి. తర్వాత హాలు వైపు చూసి గొంతు తగ్గించాడు. "పాపకి చెబుదామా వద్దా? ఉండు, కృష్ణప్రసాద్ గార్ని అడుగుతా."

దేవకుమారి ఆ సమాధానం కోసం ఆగకుండా కోటు తొడుక్కుంది.

మార్టిన్ గదిలో కిటికీ తెరిచి ఉంచారు, మనిషి పోతే ఇక్కడ అలా తెరుస్తారు. ఆమె గోరువెచ్చటి నీళ్ళతో ఆయన ముఖం, చేతులు, పాదాలు తుడిచింది. ఇంకో దుప్పటి కోసం మంచం పక్క అలమర తెరిస్తే, పై అరలో మిఠాయి ప్యాకెట్ కనబడింది. మొదటిరోజు ఆయన జెల్లీలు పెట్టబోతే, వాటిలో జంతువుల ఎముకల జిగురుంటుంది, మేం తినమని లోహిత చెప్పింది. ముసలాయన ఎంత నొచ్చుకున్నాడో!

ఇవి వేరే రకం. శాకాహారులు తినవచ్చు అన్న చిన్న అక్షరాల చుట్టూ వణికే చేత్తో గీసిన నీలం సున్నా ఉంది. ప్యాకెట్ మూతి ఇంకా ఎవరూ విప్పలేదు.