సెల్లుకెక్కిన శోకం

మా పెద్దమ్మ హనుమంతమ్మ ఏడుపును నేను మొదటిసారి విన్నది చావింట్లో. రెండోసారి విన్నది రాప్తాడు దగ్గర ఎక్కిన ఆటోలో. రెండింటికీ మధ్య ఏడాదిన్నర. ఆటోలో విన్నప్పుడు దాని వెనక డప్పు ఉంది, కీబోర్డు ఉంది. నా పక్కనున్న మనిషి తొడ మీద తాళం వేసుకుంటున్నాడు.

"సౌండు పెంచప్పా, మంగళారం పాట ఇది" అంది వెనక కూర్చున్న ఒకామె.

 ఆ ఏడుపును టేపులోకి పట్టింది నేనే.

మా వైపు శోకం పెట్టే ఆడవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. శవం ముందు కూర్చుని రాగం తీసినంతసేపూ వాళ్లు ఏమైనా అనొచ్చు. కోడలు కూడు పెట్టని సంగతి, అన్నదమ్ములు గట్టు జరిపిన సంగతి, బతికున్న మనిషి ముఖాన అనలేనివన్నీ చచ్చినవాళ్లకు చెబుతున్నట్టు చెప్పొచ్చు. మగవాళ్లు వాకిట్లో కూర్చుని అన్నీ వింటారు, విననట్టు బీడీ కాలుస్తారు. శవం లేచాక ఆ మాటలు ఎవరూ ఎత్తరు. ఎత్తితే తప్పు శోకం పెట్టినామెది కాదు, ఎత్తినవాడిది.

తిరుపాలమ్మ పోయిన రోజు పెద్దమ్మ ఆ వెసులుబాటును వాడుకుంది. తిరుపాలమ్మ ఆమెకు ఈడుజోడు. తిరుపాలమ్మకు సుంకన్న అనే కొడుకు, చౌడేశ్వరి అనే కూతురు. ఆ కూతురు పదిహేడేళ్ల కిందట మగ్గం నేసే పిల్లవాడితో వెళ్లిపోయింది. కులం వేరు. తండ్రి ఇంటిల్లిపాదికీ తలస్నానాలు చేయించి, కూతురు పేరున నీళ్లు వదిలాడు. ఆ తర్వాత తండ్రీ పోయాడు గానీ, ఆ పేరు మళ్లీ ఆ ఇంట్లో పలకలేదు. పలికితే దాయాదులు ఊరుకోరు.

ఆ రోజు పెద్దమ్మ తిరుపాలమ్మ తల దగ్గర కూర్చుని ఎత్తుకుంది.

*మంగళారం సంతకని పోతివే తిరుపాలమ్మా,*
*కొంగున ఎండు మిరప్పండ్లు కట్టుకోని పోతివే,*
*సచ్చెనన్న బిడ్డకు సద్దిగట్టి ఇస్తివే,*
*కొత్తచెరువు దావ నీ కాళ్లకే తెలుసునే,*
*నువ్వు పోతే ఆ దావ నీ కొడుక్కి ఎవురు జెప్తారే…*

వాకిట్లో సుంకన్న తల ఎత్తలేదు. చేతిలో బీడీ ఆరిపోయినా పీలుస్తూనే ఉన్నాడు. పక్కన అతని పెదనాయన కొడుకు చెన్నప్ప ఆకాశం వైపు చూస్తూ, "ఈ యేడు గూడా మబ్బు మోసం జేసేట్టుండాది" అన్నాడు.

పెద్దదినం కర్మ అయిన తర్వాతి మంగళవారం సుంకన్న చెనక్కాయల మూట ఒకటి టీవీఎస్ బండి వెనక కట్టుకుని, ఎవరికీ చెప్పకుండా ధర్మవరం దారి పట్టాడు. ధర్మవరం దాటితే కొత్తచెరువు. పెద్దమ్మ అరుగు మీద కూర్చుని ఆ బండి మలుపు తిరిగేదాకా చూసింది.  ఆ రోజు రెండు ముద్దలు ఎక్కువ తినింది. అప్పటి నుంచి నెలకో రెండు నెలలకో ఒక మంగళవారం బండి కదిలేది. ఊరంతా చూసేది. ఎవరూ చూడలేదు.

ఇక నా సంగతి. నేను అనంతపురంలో బి.ఏ. చదివి, ఊళ్లో చెనక్కాయ వేస్తూ, జనానికి అర్జీలు రాసిపెడుతుండేవాణ్ణి. నాతో చదివిన కేశవ కాలేజీలో లెక్చరరు అయ్యాడు, జానపదాలు పోగుచేస్తాడు. ఇవన్నీ పోతున్నాయి, పట్టి ఉంచకపోతే మిగలవు అని కనిపించినప్పుడల్లా చెప్పి ఒక చిన్న టేపురికార్డరు చేతిలో పెట్టాడు. ఆ రోజు దాన్ని తువ్వాలు కింద పెట్టుకుని కూర్చున్నాను. చెడ్డ ఉద్దేశం లేదు. పెద్దమ్మ గొంతు ఆమెతోనే పోకూడదనుకున్నాను. అంతే.

ఆ టేపు కేశవ దగ్గరికి, కేశవ నుంచి అనంతపురంలో పాటల సీడీలు వేసే ఒక కంపెనీకి పోయింది. అక్కడి నుంచి సెల్లుల్లోకి ఎక్కింది. బత్తలపల్లెలో మా అల్లాబకాష్ అంగట్లో సెల్లులోని చిప్పు తీసి ఇస్తే నిమిషంలో పాటలు ఎక్కిస్తాడు. మంగళారం పాట లేని చిప్పు ఉండేది కాదు.

ఊళ్లోకి పాట వచ్చిన నాలుగో రోజున టీ హోటల్లో ఎవడో సుంకన్నను అననే అన్నాడు. "ఏం సుంకన్నా, బండి మంగళారమే కదులుతాది, ఏందప్పా కత?"

చావింట్లో విన్నదైతే అలా అడిగినవాడి పళ్లు రాలేవి. ఇది సెల్లులో విన్నది. దానికి కట్టుబాటు లేదు.

బండి ఆగిపోయింది. చెన్నప్ప, మిగతా దాయాదులు సుంకన్నను రచ్చకట్ట దగ్గరికి పిలిచి, "ఆ పాట నిజమా అబద్ధమా తేల్చు. నిజమైతే మాతో నీకు చావూ లేదు, పెండ్లీ లేదు" అన్నారు. నిజమంటే దాయాదులు పోతారు. అబద్ధమని ప్రమాణం చేస్తే చెల్లెలు మళ్లీ చచ్చినట్టే. సుంకన్న పది రోజులు గడువు అడిగి వచ్చాడు. ఆ సాయంత్రమే పెద్దమ్మ వాకిట్లో నిలబడ్డాడు.

"అత్తా, నువ్వు మా యమ్మకు జెప్పినావు. నేను ఇనుకున్యా. ఆ పొద్దుకు అయిపాయ. ఈ మాయదారి సెల్లుకు ఎవురు జెప్పినారత్తా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను నేల వైపు చూశాను. టేపు సంగతి నేను ఆమెకు చెప్పింది అప్పుడే, అంతా. తిడుతుందనుకున్నాను. "పోయి ఆపించు కొడకా" అంది.

అనంతపురం పోయాను. కేశవ మొహం చిన్నబుచ్చుకుని కంపెనీ ఆఫీసుకు తీసుకుపోయాడు. అక్కడ మేనేజరు మర్యాదస్తుడే, కాఫీ తెప్పించాడు.

"పాట ఎవరు కట్టారండీ?" అని అడిగాడు.

"మా పెద్దమ్మ."

"రాసిన కాగితం ఉందా? లేదు కదా. అంటే జానపదం. జానపదం ఎవరి సొత్తూ కాదు. రికార్డింగు మాత్రం మాది, హక్కులు మావి."

"అది పాట కాదు సార్, ఒక ఇంటి సంగతి."

"అందుకే కదండీ జనానికి పట్టింది" అన్నాడు, మెచ్చుకోలుగా.

సీడీ అట్ట మీద నా వేలు ఆనించి చూశాను. కాపీ చేయడం నేరం అని ఎర్ర అక్షరాల్లో ఉంది.

మూడు రోజులు తిరగకముందే కంపెనీ ఫిర్యాదు మీద బత్తలపల్లెకు పోలీసు జీపు వచ్చింది. అల్లాబకాష్ అంగట్లో కంప్యూటరు పట్టుకుపోయారు, మనిషి మీద కేసు రాశారు. స్టేషను దగ్గర బెంచీ మీద కూర్చుని ఉంటే పోయి పలకరించాను.

"అన్నా, ఒకటి జెప్పు నువ్వు" అన్నాడు, నవ్వుతూనే. "ఆయమ్మ ఏడిస్తే నువ్వు తువ్వాలు కింద పట్టినావు. ఆయప్ప దానికి డప్పు గొట్టిచ్చినాడు. నేను చిప్పులోకి ఎక్కిచ్చినా. ముగ్గుర్లో దొంగ నేనంట. సదువుకున్నోనివి, యాడన్నా రాసుంటే జూపీ."

 ఇంటికొచ్చి చెబితే పెద్దమ్మ ఆశగా, "అయితే పాట ఆగినట్టేనా?" అంది.

"ఊరికే ఎక్కించుకునేవాళ్లకు ఆగింది పెద్దమ్మా. కొనుక్కునేవాళ్లకు కాదు."

అల్లాబకాష్ తరఫు వకీలు ఒక మెలిక పెట్టాడు. అది ఊరి శోకం, కంపెనీ సొత్తు ఎట్లా అయిందో చూపమన్నాడు. దాంతో మేనేజరుకు పెద్దమ్మ అవసరం పడింది. దాయాదుల గడువు ఇంకొక్క రోజు ఉందనగా, పొద్దున పదింటికి కారులో దిగాడు. వెంట ఒక కానిస్టేబులు, చేతిలో కాగితం, పళ్లెంలో చీర. కారు చూసి జనం చేరారు. చెన్నప్ప వచ్చాడు. సుంకన్న వేపచెట్టుకు ఆనుకుని దూరంగా నిలబడ్డాడు.

కాగితం నేనే చదివి వినిపించాను. ఈ పాటను నేనే ఇష్టపూర్వకంగా పాడి ఇచ్చానని, దీని మీద సమస్త హక్కులూ ప్రపంచమంతటా, శాశ్వతంగా, ఇప్పుడున్నవీ ఇకముందు కనిపెట్టబోయేవీ అయిన అన్ని సాధనాల్లోనూ కంపెనీకే చెందుతాయని.

"ఇంగా కనిపెట్టనివి గూడా వీళ్లవేనా?" అంది పెద్దమ్మ.

"అట్లనే ఉండాది పెద్దమ్మా."

ఆమె మేనేజరు వైపు తిరిగింది. "ఏమప్పా, నేను ఏలిముద్ర ఏస్తే పాట నిలుస్తాదా?"

"ఇంకెవ్వరూ అమ్మలేరమ్మా, జైలుకు పోతారు."

"మీరు?"

"మేం అమ్ముకుంటాం కదమ్మా మరి."

పెద్దమ్మ కాసేపు పళ్లెంలో చీర అంచు తడిమింది. పట్టు కాదు, పాలిస్టరు. "ముందు ఆ పాట ఇనిపీ. నేను సరింగ ఇనలేదు" అంది.

మేనేజరు సెల్లు తీసి పాట పెట్టాడు. డప్పు మోగింది. తర్వాత ఆమె గొంతు, వాకిలంతా.  కొత్తచెరువు మాట వచ్చినప్పుడు సుంకన్న మొహం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దమ్మ చివరిదాకా విని, నోట్లో ఆకు పక్కకు ఉమ్మింది.

"ఇది నా గొంతు గాదు."

"అదేంటమ్మా!"

"ఎవురో పట్నం ఆడిది. సచ్చినోళ్ల కాడ మేం డప్పేసుకోని ఏడ్సం. తిరుపాలమ్మకు నేను ఇట్ల ఏడ్సలేదు."

చెన్నప్ప ముందుకొచ్చాడు. "మరి తిరుపాలమ్మ పేరు యాడ్నుంచి వచ్చె అత్తా?"

"ప్రపంచంలో తిరుపాలమ్మ ఒకతేనా? ఆ పొద్దు నువ్వు వాకిట్లోనే ఉంటివి గదా. నేనేం ఏడిస్తినో నువ్వే జెప్పు."

అందరూ చెన్నప్పను చూశారు. చావింట్లో విన్నది ఇప్పుడు ఎత్తితే తప్పు అతనిదవుతుంది. చెన్నప్ప నోరు తెరిచి, మూసుకుని, "నేను మబ్బు జూస్తాంటి" అన్నాడు.

మేనేజరు నన్ను పట్టుకున్నాడు. "సార్, రికార్డు చేసింది మీరే అని కేశవగారు చెప్పారు."

పెద్దమ్మ నన్ను చూడలేదు. "నేను చేయలేదు" అన్నాను. కేశవతో నా స్నేహం ఆ మాటతో సరి.

"పోనీ రెండు లైన్లు పాడండమ్మా, గొంతు కలుస్తుందో లేదో మాకే తెలిసిపోతుంది."

"శవం లేందే శోకం పెట్టగూడదు నాయనా. మీ ఇంట్లో ఎవురన్నా తయారుగా ఉంటే జెప్పు, వచ్చి పెడ్తా."

కానిస్టేబులే ముందు నవ్వాడు. కారు వెళ్లిపోయింది, చీరతో సహా. సుంకన్న వేపచెట్టు దగ్గరి నుంచి కదిలి, చెన్నప్ప ముందు ఒక్క క్షణం నిలబడి, "ఇన్నారు గదా" అని ఇంటికి పోయాడు. గడువు మాట దాయాదులు మళ్లీ ఎత్తలేదు. అల్లాబకాష్ మీద మిగతా పాటల కేసు అట్లాగే ఉంది, వాయిదాలకు తిరుగుతున్నాడు. మంగళారం పాట ఆటోల్లో మరో ఆరు నెలలు నడిచి, ఇంకేదో కొత్త పాట రాగానే పాతబడింది.

పెద్దమ్మ ఎంత పెద్ద మాట అనేసిందో నాకు ఆ రోజు అర్థం కాలేదు. పుల్లన్న మామ పోయినప్పుడు అర్థమైంది. పుల్లన్న ఆమె సొంత తమ్ముడు, వీపున మోసి పెంచినవాడు. తల దగ్గర కూర్చుంది. ఆడవాళ్లు చుట్టూ చేరి, "ఎత్తుకో హనుమంతక్కా, ఎత్తుకో" అన్నారు. వాకిట్లో చెన్నప్ప ఉన్నాడు, చెవులు రిక్కించుకుని. సుంకన్న తల వంచుకుని ఉన్నాడు. రాగం తీస్తే పాటలో ఉన్న అదే గొంతు. ఊరంతటికీ తెలిసిన గొంతు.

పెద్దమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. గొంతు మీద చెయ్యి పెట్టి, లేదన్నట్టు చెయ్యి తిప్పింది. తమ్ముడికి చెప్పాల్సినవి ఎన్ని ఉన్నాయో, అన్నీ లోపలే ఉండిపోయాయి. మా ఊళ్లో రాగం లేకుండా లేచిన శవం అదే. మోసేవాళ్లకు అడుగు పడలేదు, ఇద్దరు ముగ్గురు తడబడ్డారు.

టేపురికార్డరు నా దగ్గరే ఉంది. ఇవ్వడానికి కేశవ దగ్గరికి పోలేను, పారేయడానికి చెయ్యి రాలేదు.

మొన్న మంగళవారం అరుగు మీద పెద్దమ్మ, నేను కూర్చుని ఉన్నాం. ఈ యేడు కూడా చెనక్కాయ ఊడలు దిగకముందే ఎండిపోయింది. అయినా సుంకన్న ఎక్కడో సంపాదించిన మూట బండి వెనక కట్టి, మా ముందు నుంచే పోతున్నాడు.

"తాడు వదులయ్యిండాది, పడిపోతాది. పిల్చి జెప్పు వానికి" అంది పెద్దమ్మ.

"ఎట్ల చెప్పేది పెద్దమ్మా? మనం చూల్లేదు గదా."

"అవ్ను గదా" అని, ఆమె గోడకు ఒరిగి కళ్లు మూసుకుంది.