తిన్నగా రాసిన పేరు

హెలెన్ ఆ ప్రశ్న అడిగే సమయానికి మా పాప తిల్కా బల్ల కింద దూరి టర్పెంటైన్ సీసా మూత ఊడదీసే పనిలో ఉంది. నా ప్రాణమంతా ఆ సీసా మీదే ఉంది.

"ఈ బొమ్మలు వెయ్యడం మీకు ఎవరు నేర్పారని అడుగుతున్నారు," అంది మార్తా. మార్తా ఆమె మాట మాకు తిప్పి చెప్పడానికి జాగ్రెబ్ నుంచి వెంట వచ్చిన అమ్మాయి. హెలెన్‌ది మెల్‌బోర్న్. అక్కడ ఒక గ్యాలరీ నడుపుతోందట. బడికెళ్ళి బొమ్మలు నేర్చుకోని మాలాంటి వాళ్ళ పనులన్నీ ఏరి అక్కడ ప్రదర్శనకి పెడుతుందట. మా డ్రావా నది ఒడ్డున గాజు మీద బొమ్మలు వేసే ఇళ్ళన్నీ తిరిగి చివరికి మా ఇంటికి వచ్చింది.

ముందు సీసా లాక్కున్నాను. తిల్కా ఏడుపు అందుకుంది. ఆ ఏడుపులోనే మార్తా వివరంగా చెప్పింది. ప్రదర్శనకి రెండు గదులు. ఒకటి ఎవరి దగ్గరా నేర్చుకోకుండా సొంతంగా వేసేవాళ్ళది. గోడ మీద వాళ్ళ పేరు పెద్ద అక్షరాలతో రాస్తారు. రెండోది ఒకరి నుంచి ఒకరు నేర్చుకుంటూ వచ్చిన జానపద కళది. అక్కడ గోడ మీద ఊరి పేరు రాస్తారు. మనుషుల పేర్లు ఉండవు.

"ఎందుకుండవు?"

"అది ఊరందరి కళ కదండీ, అందుకని," అంది మార్తా, ఎవరో నేర్పిన మాటని అప్పజెపుతున్నట్టు.

ఊరందరూ కలిసి నా బొమ్మ ఎప్పుడు వేశారో నాకైతే తెలీదు. వేసేటప్పుడు కాసేపు పిల్లని ఎత్తుకుందామని కూడా ఒక్కరు రాలేదు.

"ఎవరూ నేర్పలేదు," అన్నాను.

గుమ్మంలో పళ్ళెం చప్పుడైంది. మా అత్తయ్య యాల్జా గసగసాలు పెట్టి కాల్చిన రొట్టె చుట్టలు కోసి పళ్ళెంలో సర్దుకుని వచ్చి నిలబడి ఉంది. పళ్ళెం బల్ల మీద పెట్టింది. అతిథులకి మర్యాదగా తలూపింది. నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

నాకు నేర్పింది ఆవిడే.

ఎనిమిదో తరగతిలో బడి మాన్పించి మా అమ్మ నన్ను పొలానికి పంపింది. ఇంబ్రోని పెళ్ళి చేసుకుని ఈ ఇంటికి వచ్చేనాటికి నాకు గోడకి సున్నం వెయ్యడం తప్ప రంగు ముట్టుకోవడం తెలీదు. గాజు మీద మేం వెనక నుంచి వేస్తాం. కాగితం మీద వేసేవాళ్ళు ముందు ఆకాశం వేసి, తర్వాత మనిషిని వేసి, చివర మనిషి కంట్లో చుక్క పెడతారు. మాకు ఆ చుక్కే మొదలు. తర్వాత కన్ను, తర్వాత మొహం, ఇల్లు, అన్నిటికంటే ఆఖర్న ఆకాశం. చూసేవాళ్ళు గాజుని రెండో వైపు నుంచి చూస్తారు కాబట్టి అంతా తారుమారు. పేరైతే ఇంకా ముందు, ఏమీ లేని గాజు మీద, అదీ అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయాలి. ఇదంతా ఆవిడ నా చెయ్యి పట్టుకుని నేర్పింది. ఈకకి నూగు వేసేటప్పుడు ఊపిరి బిగబట్టమంది. బిగబట్టకపోతే మోచేతి మీద కొట్టింది కూడా.

తర్వాత ఆవిడ చెయ్యి వణకడం మొదలైంది. మొదట ఆకాశాలు నాకిచ్చింది, తర్వాత మంచు, తర్వాత ఆవులు. చివరికి మొత్తం బొమ్మ నాదే. మూల మీద పేరు మాత్రం ఆవిడది. కొనేవాళ్ళు యాల్జా బొమ్మ కావాలంటారు, నా పేరు ఎవరికి కావాలి? నేను వేసిన ఆవులు మెళ్ళో ఆవిడ పేరు కట్టుకుని ఆస్ట్రియా, జర్మనీ అన్నీ తిరిగాయి. హెలెన్ ఏరుకున్న బొమ్మ నా పేరుతో నేను వేసిన మొట్టమొదటిది. చలికాలం ఆడవాళ్ళంతా ఒక బల్ల చుట్టూ కూర్చుని దిండ్ల కోసం పెద్దబాతు ఈకలు ఒలిచే బొమ్మ. ఆ పేరు గోడ ఎక్కాలని నాకు ఎంత ఆశగా ఉందో నోటితో చెప్పలేను. అందుకే ఆ మాట నోట్లోంచి వచ్చేసింది.

మర్నాటి నుంచి అత్తయ్య తిల్కాని ముట్టుకోలేదు.

"అత్తయ్యా, కాసేపు చూస్తారా? పొయ్యి మీద పాలున్నాయి."

"ఎవరూ నేర్పకుండానే అన్నీ వచ్చినదానివి. పిల్లని పెంచడం కూడా వచ్చే ఉంటుందిలే."

కంచె అవతల నుంచి బ్లాజ్ బాబాయి కూడా మొదలుపెట్టాడు. ఆయనా గాజు మీదే వేస్తాడు. వాళ్ళ నాన్న నేర్పాడని ఉన్నమాట చెప్పి రెండో గదికి పోయాడు.

"ఏమ్మా వెరోనా, కడుపులోంచే కుంచె పట్టుకుని పుట్టావటగా! మీ అమ్మకి గుచ్చుకోలేదూ?"

ఇంబ్రో లారీ దిగి వచ్చి అన్నం తింటూ, "మీ ఇద్దరి మధ్యా నన్ను లాగొద్దు," అన్నాడు. ఎవరూ లాగలేదు. లాగితే బాగుణ్ణు.

నాకు రంగు వాసనంటే భయం, సీసాలంటే భయం, గాజంటే భయం. తిల్కాకి ఇప్పుడిప్పుడే నడక వచ్చింది. ఒక చేత్తో పిల్ల, ఒక చేత్తో ఇల్లు. ఆ బొమ్మని పెట్టెలో పెట్టి పంపేదాకా గోడకి ఆనించి, ముందు కుర్చీ అడ్డం పెట్టాను. కుర్చీ మీద దుప్పటి కప్పాను. తిల్కా ఆ దుప్పటి పట్టుకుని లాగింది.

గాజు పగిలిన చప్పుడికి నేను వంటింట్లోంచి, అత్తయ్య కోళ్ళ దొడ్లోంచి ఒకేసారి పరిగెత్తాం. ఆవిడే ముందు అందుకుంది. పిల్లని గాజు ముక్కల మధ్య నుంచి ఎత్తి, చేతులు తిప్పి చూసింది, పాదాలు తిప్పి చూసింది, నోట్లో వేలు పెట్టి చూసింది.

"ఎక్కడా తెగలేదు," అంది.

నేను నేల మీద కూలబడ్డాను. పిల్లకేమీ కాలేదన్న ఊరట కాసేపే. తర్వాత ఆ ముక్కలు చూస్తే ఒక ఆడమనిషి సగం మొహం, గుప్పెడు ఈకలు. నాకు ఏడుపు కాదు, అరవాలనిపించింది. ఎవరి మీద అరవను? తిల్కా మీదా?

మార్తాకి ఫోన్ చేశాను. పెట్టెలు తీసుకెళ్ళే బండి వచ్చేలోగా అదే బొమ్మ మళ్ళీ వేసిస్తే తీసుకుంటామంది.

కొత్త గాజు వెనిగర్‌తో తుడిచి బల్ల మీద పెట్టాను. తిల్కాని పడుకోబెట్టి వచ్చేసరికి అత్తయ్య నా కుర్చీలో ఉంది. ఆవిడ చేతిలో నా సన్నని కుంచె. గాజు మూల మీద నల్లగా, వణుకుతున్న గొలుసుకట్టు రాతతో 'యాల్జా' అని ఉంది.

"ఏంటత్తయ్యా ఇది?"

"పేరు. నేర్పినదాని పేరు. ఇప్పుడు చెప్పుకో ఎవరూ నేర్పలేదని."

గుడ్డ అందుకున్నాను. రంగు ఇంకా పచ్చిగానే ఉంది.

"తుడువు. తుడిస్తే పిల్లని నువ్వే చూసుకో, బొమ్మా నువ్వే వేసుకో. ఎలా వేస్తావో నేనూ చూస్తా."

గుడ్డ అక్కడ పడేశాను. ఆ పేరు పక్కనే నా పేరు తిరగేసి రాశాను, ఆవిడ దానికంటే కాస్త పెద్దగానే. ఆవిడ చూసి మూతి తిప్పింది. తర్వాత లేచి పిల్ల ఉయ్యాల దగ్గరికి వెళ్ళింది.

అలా వేశాను ఆ బొమ్మ. నేను లోపల, వాళ్ళిద్దరూ బయట పెద్దబాతుల వెనక. కిటికీలోంచి ఆవిడ గొంతు మాత్రం నన్ను వదల్లేదు.

"లావుగా వేస్తున్నావే! అవి ఈకలా, చేపలా?"

"అక్కణ్ణుంచి మీకేం కనిపిస్తుందత్తయ్యా?"

"నీ మోచెయ్యి కనిపిస్తోంది. చాలు!"

చివరి రంగు ఆరాక, బండి వాకిట్లో హారన్ కొడుతుండగా, గాజుని మొదటిసారి తిప్పి చూశాను. ఆడవాళ్ళు బాగున్నారు. తలుపు సందులోంచి గాలికి లేచిన నూగు బాగుంది. మూల మీద నా పేరు శుభ్రంగా చదవొచ్చు. దాని పక్కన ఆవిడ పేరు లేదు. మెలికలు తిరిగిన నల్లటి తీగ ఉంది, దాని మీద చిన్న ఆకు.

అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. జీవితమంతా పేరు తిరగేసి రాసిన మనిషి ఆ రోజు కోపంలో మామూలుగా, తిన్నగా రాసేసింది. ఇటు నుంచి చూస్తే అంతా తిరగబడింది. ఆ ఆకు మా రాతలో 'జ' అక్షరం నెత్తిన పెట్టే గుర్తు. రాసిన రోజే ఆ పేరు నేను సులువుగా చదివేశాను. గాజు వెనక పేరు సులువుగా చదవగలిగామంటే అప్పుడే గుండె గుభేలుమనాలి. మా ఊళ్ళో పిల్లలకి కూడా తెలుసు ఆ సంగతి. నేను కోపంలో ఉన్నాను, గమనించలేదు. ఇప్పుడు గీకెయ్యడానికీ లేదు. అది అన్నిటికంటే కింద ఉంది. దాన్ని తియ్యాలంటే పైనున్న గౌను, బల్ల, గోడ అన్నీ గీకాలి. బండివాడు మళ్ళీ హారన్ కొట్టాడు. ఆవిడకి చెప్తే మళ్ళీ వెయ్యమంటుంది. చెప్పకుండా పెట్టెలో పెట్టి మేకులు కొట్టించాను.

మార్తా ఫోన్ చేసిన రోజు నా చేతులు పిండిలో ఉన్నాయి. అత్తయ్యే ఫోన్ తీసి అందరికీ వినబడేట్టు నొక్కి బల్ల మీద పెట్టింది. తిల్కా ఆవిడ చంకలో ఉంది.

"వెరోనా గారూ, బొమ్మ మొదటి గదిలో తగిలించారండీ! హెలెన్‌కి చాలా నచ్చింది. మీ పేరు గోడ మీద రాయిస్తున్నారు. ఒక్క సంగతి అడగమన్నారు. మీ పేరు పక్కన అందమైన తీగ ఉంది కదా, అది మీ ఊరి గుర్తా? దాని గురించి కూడా రాద్దామంటున్నారు."

"ఏ తీగ?" అంది అత్తయ్య.

నేను పిండి పిసకడం ఆపాను. అవునండీ, ఊరి గుర్తే అంటే చాలు. పెద్ద అక్షరాలతో గోడ మీద నా పేరు. అంతకంటే ఏం అడిగాను నేను ఎవర్నైనా?

అత్తయ్య నా మొహం చూసింది. తన కుడిచెయ్యి గాల్లోకి ఎత్తి ఏదో రాసినట్టు ఆడించింది. ఆగింది. మళ్ళీ రెండో వైపుకి ఆడించింది. ఆవిడ మొహం ఎర్రబడింది.

"చెప్పవే," అంది మెల్లగా. "తీగే అని చెప్పు. ఇంత వయసొచ్చాక తీగనయ్యాను. ఆకు కూడా మొలిచింది."

ఆవిడ తిట్టి ఉంటే అబద్ధం చెప్పేసేదాన్ని. అలా అనేసరికి నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీదా, ఆ హెలెన్ మీదా, ఆ రెండు గదుల మీదా.

"అది తీగ కాదు మార్తా. మా అత్తయ్య పేరు. యాల్జా. ఆవిడే నాకు నేర్పింది."



"ఎవరూ నేర్పలేదన్నారు కదండీ?"

"అన్నాను. అబద్ధం."

మార్తా ఎవరితోనో ఇంగ్లీషులో మాట్లాడింది. మళ్ళీ వచ్చింది. "అలాగైతే రెండో గదికి మార్చాలంటున్నారు. అక్కడ ఊరి పేరే..."

"ఇద్దరు ఆడవాళ్ళం పేర్లు రాసి మరీ పంపితే ఊరి పేరు పెడతారా? ఒక పేరైతే మనిషి, రెండు పేర్లైతే ఊరా?"

"నేను అడుగుతానండీ. కానీ..."

ఆ 'కానీ' తర్వాత ఏముంటుందో నాకు తెలుసు. పిండి చేత్తోనే ఫోన్ కట్ చేశాను. దాని మొహం నిండా పిండి అయింది.

"వెర్రిమొహమా!" అంది అత్తయ్య. "ఎందుకు చెప్పావే? చేతికొచ్చిన గోడ పోయింది."

"పోయింది. మీ వల్లే పోయింది. అసలు పేరు అలా ఎవరైనా రాస్తారా?"

"అలా అంటే? తిన్నగానే రాశాను కదే!"

"అదే నేనూ అంటున్నది! గాజు మీద తిన్నగా రాసేవాళ్ళని నా జన్మలో చూళ్ళేదు. పైగా నా మోచేతి మీద కొట్టారు, ఊపిరి బిగబట్టలేదని!"

మా కేకలకి తిల్కా బెదిరి ఏడుపు మొదలుపెట్టింది. నా చేతులకి పిండి. ఎత్తుకోలేను. అత్తయ్య దాన్ని భుజాన వేసుకుని వీపు తడుతూ, నన్ను కొరకొరా చూస్తూ, హెలెన్ అడిగిందే అడిగింది.

"ఇంత నోరు నీకు ఎవరు నేర్పారే?"