మర ఇంటి గొంతు

పిండిమర నడిపే మరాయన ఇంట్లో ఎవరైనా మెల్లగా మాట్లాడుతున్నారంటే ఎవరికో ప్రాణం మీదికొచ్చిందని అర్థం. మామూలు రోజుల్లో, ఉప్పు అందుకోమన్న మాట కూడా వీధి మలుపు దాకా వెళ్ళి తిరిగొచ్చేది. పక్కింటివాళ్ళు మొదట్లో కిటికీలు వేసుకునేవాళ్ళు. పోనుపోనూ, ఊరికే వచ్చే కబుర్లని కాదనుకోవడమెందుకని తెరిచే ఉంచడం మొదలుపెట్టారు.

ఆ గొంతంటే ఆయనకి సిగ్గు లేదు సరిగదా, మహా గర్వం. వాళ్ళ నాన్నదీ అదే గొంతు, తాతదీ అదే గొంతు. ముగ్గురూ ఆ పిండిమర తిప్పినవాళ్ళే. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు" అన్న సామెతని లోకమంతా తిట్టుగా వాడుకుంటుంది. ఆయన బిరుదుగా వాడుకునేవాడు.

అల్లుడు వేరే రకం. గడియారాలు బాగుచేసే మనిషి. మాట్లాడితే పక్కనున్నవాడు చెవి దగ్గరికి తేవాల్సిందే. ఒక్కగానొక్క కూతుర్ని వదిలి ఉండలేక మరాయన అతన్ని ఇల్లరికం తెచ్చుకుంటే, వీధిలో అతనికి గుసగుస అని పేరు పెట్టారు. పొద్దున్నంతా మరలో మామగారికి సాయం, సాయంత్రం వెనకగదిలో గడియారాలు. ఏళ్ళు గడిచాయి. ఆ పేరు ఎప్పుడు రాలిపోయిందో అతనూ చూసుకోలేదు, పెట్టినవాళ్ళూ చూసుకోలేదు.

చిక్కంతా మనవరాలితో వచ్చింది. బళ్ళోంచి టీచరు కబురు పంపింది. మీ అమ్మాయి పక్కపిల్లని రబ్బరు అడిగితే పై తరగతిలోంచి ఇద్దరు పిల్లలు రబ్బర్లు పట్టుకుని దిగివచ్చారు, ఒకసారి చెవులు చూపించండి అని. అల్లుడి అనుమానం మర మీదికి పోయింది. పిల్ల బడి నుంచి రాగానే మరలోకే పోతుంది. ఖాళీ గోనెసంచులు మడిచి మర పక్కనే తాత వేసిన పీఠం మీద కూర్చుని లెక్కలు చేసుకుంటుంది. తాత ఆ హోరులోనే కథలు చెబుతాడు, పిల్ల ఆ హోరులోనే ఊ కొడుతుంది.

"చెవులకేం, గొంతు మా తాతది వచ్చింది. డాక్టరు చేతే ఆ మాట చెప్పిస్తాను పద," అని మామగారు కూడా బయల్దేరాడు.

చెవుల డాక్టరమ్మ పిల్లని అద్దాల గదిలో కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చప్పుడు వినపడ్డప్పుడల్లా మీట నొక్కమంది. పిల్ల చెవులు చీమ నడిచినా వింటాయని తేలింది. మరెందుకు అరుస్తుందని అల్లుడు అడిగాడు. ఇంట్లో ఎలా మాట్లాడతారని ఆవిడ అడిగింది. మామగారు మాట్లాడి చూపించాడు. బయట వరసలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడ్డారు.

మాట్లాడడమంటే ఇదేననుకుంది పాపం పిల్ల, అందావిడ. అరుపు పరవాలేదు, మానిపించొచ్చు. కాని ఆ మర పక్కన చెవులు మూయకుండా కూర్చోబెడితే ఇవాళ్టి ఈ చెవులు ఉండవు, పోయినవి తిరిగి రావు అని గట్టిగా చెప్పింది. చెప్పి, మామగారిని కూడా ఒకసారి కూర్చోమంది.

ఆయన దర్జాగా కూర్చున్నాడు. ఒక్కటీ పోకుండా నొక్కాడు. డాక్టరమ్మ ఆశ్చర్యపోయి, ఏదో తోచి, వీపు తిప్పుకుని కూర్చుని మళ్ళీ మొదలుపెట్టింది. మీట నొక్కడం ఆగిపోయింది. అప్పటిదాకా అద్దంలోంచి ఆవిడ వేళ్ళు కదలడం చూసి నొక్కాడు మహానుభావుడు.

ఆ నవ్వులోనే అల్లుడు కూడా సరదాకి కూర్చున్నాడు. లేచి వచ్చేసరికి డాక్టరమ్మ నవ్వడం లేదు. నీవీ సగం పోయాయి నాయనా అంది. అతనికి మొన్న విప్పిన చేతిగడియారం గుర్తొచ్చింది. చెవి దగ్గర పెట్టుకుంటే చప్పుడు లేదని విప్పి, ఏ లోపమూ దొరక్క మూసి, మళ్ళీ చప్పుడు లేదని విప్పాడు. భార్య వచ్చి, ఆడుతున్నదాన్ని ఎందుకు చంపుతున్నారని అడిగింది.

డాక్టరమ్మ ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టి విడమరిచింది. కొందరికి పుట్టుకతోనే చెవి లోపలి భాగం సుకుమారంగా ఉంటుంది. అది మీ వంశంలో ఉంటే ఉండొచ్చు, నేను కాదనను. కాని ఈ అబ్బాయి మీ రక్తం కాదు కదా, ఇతని చెవులు ఎందుకు పోయాయి? ఉన్న సుకుమారాన్ని పిండి కొట్టింది మర.

మామగారు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. తరవాత అల్లుడి భుజం మీద చెయ్యివేశాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇన్నాళ్ళకి మా రక్తం నీకూ పట్టిందిరా అబ్బాయ్."

డాక్టరమ్మ కలం కింద పెట్టేసింది.

దారిలోనే అల్లుడు రెండు చెవిమూతలు కొన్నాడు. చెవుల మీద డిప్పల్లా కూర్చునేవి, పిల్లకొకటి, మామగారికొకటి. పిల్ల అద్దంలో చూసుకుని, తాత పెట్టుకుంటే నేనూ పెట్టుకుంటానంది. తాత పెట్టుకోనన్నాడు. పిల్ల తీసి గోనెసంచుల మీద పడేసింది. మరలోకి వెళ్ళొద్దంటే అన్నం ముట్టనంది. అల్లుడికి ఇటు నుయ్యి అటు గొయ్యి అయింది.

మామగారు మూర్ఖంగా అనలేదు, కారణం చెప్పే అన్నాడు. తొట్టిలో గింజలు అయిపోతే రాళ్ళు ఒట్టిగా రాసుకుంటాయి. ఆ చప్పుడు మారిన క్షణంలో మీట లాగి రాళ్ళని ఎడం చెయ్యకపోతే ఒకదాన్నొకటి తినేసి పిండిలో ఇసుక రాలుతుంది. ఇసుక పిండి ఒకసారి తిన్నవాళ్ళు మళ్ళీ ఆ గడప తొక్కరు. మరవాడికి చెవే కన్ను. కళ్ళకి గంతలు కట్టుకుని బండి తోలమంటావా అని అడిగాడు.

ఆ సమయానికి మరాయన అక్కగారు చూడ్డానికొచ్చింది. ఒకే తల్లి పిల్లలు. ఆడపిల్లకి మరలో పనేమిటని వాళ్ళ నాన్న ఆవిడని చిన్నప్పుడు లోపలికే రానివ్వలేదు. ఆవిడ మాట పట్టుబట్టలా ఉంటుంది, వంటింట్లో పాలు పొంగబోతుంటే ముందుగదిలోంచి వింటుంది. సంగతంతా విని తమ్ముణ్ణి కూర్చోబెట్టింది.

"ఆరు నెలలు సావాసం చేస్తే వారు వీరవుతారంటారు. నువ్వు ఆ మరతో కాపురమే చేశావు. మరి నాకెందుకు రాలేదురా ఈ చెవుడు?"

"ఆడపిల్ల మెట్టినింటికి పోయాక రక్తం పల్చబడుతుందక్కా."

"పల్చబడి, మీ అల్లుడి ఒంట్లో చిక్కబడిందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. మాట మార్చలేదు, ఒప్పుకోనూ లేదు. అక్కగారూ అక్కణ్ణుంచి కదల్లేదు. ఇద్దరూ గడ్డం కిందికి ఒకే తీరున చెయ్యి ఆనించి, ఒకే తీరున మూతి బిగించి, ఎదురెదురుగా కూర్చుండిపోయారు. అది చూసి అల్లుడికి ఒకటి అర్థమైంది. చెవుడు సంగతేమోగాని, ఈ మొండితనం మర ఇచ్చింది కాదు. ఇది పుట్టింటి సొమ్మే. దీన్ని ఎదురుగా తోస్తే కదలదు.

మర్నాడు మరలో అతను గడియారాలవాడి కళ్ళతో చూశాడు. ఏ చక్రం ఏ చక్రాన్ని తిప్పుతోందో చూసే చూపు అది. మామగారు ఎవరితో మాట్లాడుతున్నా ఎడమ అరచెయ్యి తొట్టి పక్కకి ఆనించే ఉంటుంది. గింజలు అడుగంటుతుంటే చెయ్యి ఒకసారి బిగుసుకుంటుంది, వెంటనే కుడిచెయ్యి మీట మీదికి పోతుంది. ఇంతలో ఎవరిదో బస్తా దించడానికి ఆయన గుమ్మం దాకా వెళ్ళాడు. గింజలు అయిపోయాయి. రాళ్ళు కీచుమన్నాయి. పిండికోసం కూర్చున్నవాళ్ళందరూ తలలు తిప్పారు, సగం చెవుల అల్లుడు కూడా తిప్పాడు. మామగారు మాత్రం బస్తా దించి, తీరిగ్గా చేతులు దులుపుకుంటున్నాడు. అల్లుడు పరుగెత్తి మీట లాగాడు.

ఆయన చెవి ఎప్పుడో పనిలోంచి దిగిపోయింది. ఆ ఉద్యోగం తొట్టి అదురు పట్టి అరచెయ్యి చేస్తోంది. యజమానికి కబురు చెప్పకుండా.

ఆ మాట ఒక్కటి అంటే వాదం గెలిచేస్తాడు. కాని మరవాడితో నీకు మర వినపడదని అనడం ఎలా? గెలిచి మాత్రం ఏం చేసుకుంటాడు, మనిషి అటు తిరిగి పడుకుంటే పిల్ల చెవుల గండం ఎక్కడిదక్కడే ఉంటుంది. భోజనాల దగ్గర ఒకే మాట అన్నాడు.

"మూత పెట్టుకున్నా మావయ్యకి రాళ్ళు వినపడతాయని నేనంటాను. పెద్దమ్మ ఒప్పుకోవడం లేదు."

అతను పెద్దమ్మా అని పిలిచే అక్కగారు ఆ మాట అననేలేదు. ముద్ద చేతిలో పట్టుకుని అతని వంక ఒక చూపు చూసింది. చూసి, "ఎలా వినపడతాయి, ముసలాడయ్యాడు," అంది మెల్లగా.

ఆ ఒక్కటీ మాత్రం మరాయనకి శుభ్రంగా వినపడింది.

చెయ్యి కడుక్కుని అందరూ మరలోకి నడిచారు. ఆయన చెవిమూతలు తగిలించుకుని, తొట్టిలో గోధుమలు పోయించి, మర వేశాడు. చూసేవాళ్ళకి లోటు లేకుండా కళ్ళు కూడా మూసుకున్నాడు. అరచెయ్యి తన మానాన తను తొట్టికి ఆనుకుంది. పిల్ల గోనెసంచుల మీద నిలబడి తాత మొహం వంకే చూస్తోంది. గింజలు తగ్గాయి. రాళ్ళు కీచుమనకముందే చెయ్యి బిగుసుకుంది, మీట కదిలింది.

మూతలు తియ్యకుండానే ఆయన అరిచాడు, "మా వంశపు చెవంటే ఇదీ. తలుపులేసినా వింటుంది." ఇక పెట్టుకోవడానికి అభ్యంతరమేముంది? పెట్టుకున్నా నష్టం లేదని ఆయనే రుజువు చేశాడాయె. పిల్ల గబగబా తన మూతలు తగిలించుకుని, లెక్కల పుస్తకం తెరిచింది. మర మళ్ళీ మొదలైంది.

అక్కగారు తొట్టి మీది అరచేతిని చూసింది, అల్లుణ్ణి చూసింది. పెదవులు కదిపి ఏదో అంది.

"ఏమన్నారు?" అని అతను అరిచాడు.

ఆవిడ మళ్ళీ అంది. అతను మళ్ళీ అరిచాడు. చివరికి ఆవిడ రెండు చూపుడువేళ్ళూ ఎత్తి అతని రెండు చెవుల్లోనూ పెట్టింది. అప్పుడు తట్టింది అతనికి. పిల్లకీ మామగారికీ కొన్నాడు. తనకి చెవులున్న సంగతే మరిచిపోయాడు.

మామగారు మర ఆపాడు. మూతల లోపలినుంచి తన గొంతు తనకి చాలక, మామూలుకి రెట్టింపు ఎత్తుకున్నాడు.

"వీడికీ ఒకటి తెప్పించండర్రా. మన రక్తమేగా."

పక్కింటావిడ కిటికీలోంచి, ఎలాగూ బజారుకే వెళ్తున్నాను, ఏ కొట్లో దొరుకుతాయని అడిగింది.