చుట్టాల పాస్‌వర్డ్

నాకు బుద్ధి లేదు. ముందే ఒప్పేసుకుంటున్నాను, తర్వాత ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

కార్నివాల్ పండగలో ఆడేవాళ్లకి దయ్యం మాస్కులు చేయడం మా ఇంటి పని. ముప్పై ఏళ్లపాటు నాన్న గీసిన బొమ్మలే చేస్తూ వచ్చాను. ఆయన పోయాక మొదటిసారి సొంతంగా ఒకటి గీశాను: నుదుటి మీద బల్లి, దాని తోక మెలి తిరిగి ఎడమ కనుబొమ్మ అవుతుంది. మా ఊరు ఒరూరోలో పెద్ద నాట్య బృందం అధ్యక్షుడు అది చూసి, అరవై మాస్కులు కావాలన్నాడు. షరతు ఒక్కటే. పండగ శనివారం దాకా ఆ బల్లి బయట ఎవరి కంటా పడకూడదు.

అందుకే కంప్యూటర్లు బాగుచేసే నెస్టర్ గారిని పిలిపించి ఇంట్లో వైఫై పద్ధతిగా పెట్టించాను. రౌటర్‌తో పాటు వచ్చిన పాస్‌వర్డ్ మార్చేశారు. నెట్‌వర్కులు రెండు చేశారు. ఒకదాని పేరు "ఇల్లు", రెండోది "చుట్టాలు".

"చూడమ్మా కసిల్డా, 'ఇల్లు'లోకి వచ్చినవాళ్లకి నీ కంప్యూటర్లో బొమ్మల ఫోల్డర్ కూడా కనపడుతుంది. దానికి తాళం పెట్టమంటావా?"

"పెడితే పని బల్ల దగ్గర టాబ్లెట్‌లో మాటిమాటికీ పాస్‌వర్డ్ కొట్టాలి. నా చేతులు చూడండి, మోచేతుల దాకా మాస్కుల ప్లాస్టరే. వద్దులెండి."

"అయితే 'ఇల్లు' పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకు. వచ్చేపోయేవాళ్లకి 'చుట్టాలు' చాలు."

మర్నాడు పొద్దున ఎర్మీనియా వచ్చింది, రోజూలాగే వేడి వేడి ఆపీ, అదే మా మొక్కజొన్న జావ, చెంబుతో. గోడ అవతల ఇల్లే ఆమెది. నా కూతురు లీదియా పుట్టువెంట్రుకలకు మొదటి కత్తెర వేసింది ఆమే. మా వైపు ఆ కత్తెర పట్టిన మనిషి సొంత ఒదిన కింద లెక్క. వైఫై అడిగితే 'చుట్టాలు' పాస్‌వర్డ్ చెప్పాను. ఫోన్‌లో ఆ పేరు చూసి మొహం మాడ్చుకుంది.

"ఏంటొదినా ఇది? పదకొండేళ్ల నుంచి నీ వంటింట్లో దొర్లుతున్నా, నేను చుట్టాన్నా?"

"అయ్యో, అది కాదొదినా..."

"ఊరుకో. రేపట్నుంచి గుమ్మం బయటే నిలబడి తలుపు కొడతాలే. చుట్టం వచ్చిందహో అని కేకేస్తా!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఫోన్ లాక్కుని 'ఇల్లు' పాస్‌వర్డ్ కొట్టాను. నా చేత్తో నేనే!

జనవరిలో అధ్యక్షుడు వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. "ఒరాసియో కొట్లో నీ బల్లి వేలాడుతోంది. ఇంక అది మాకక్కర్లేదు" అని వెళ్లిపోయాడు.

ఒరాసియో ఎర్మీనియా తమ్ముడు, వాడిదీ మాస్కుల కొట్టే. పరుగున వెళ్లాను. కొట్టు అద్దం వెనక వరసగా ఆరు మాస్కులు. నుదుట బల్లి, తోకే కనుబొమ్మ. వాడికీ అదే ఆలోచన తట్టి ఉంటుందిలే అని ఒక్క క్షణం నన్ను నేను నమ్మించుకోబోయాను. అప్పుడు బల్లి కుడి ముందుకాలు కనపడింది. నాలుగే వేళ్లు. కంప్యూటర్లో గీసేటప్పుడు నేను మర్చిపోయిన వేలు అది. మాస్కు మీద చేత్తో సరిదిద్దాను గానీ, ఫైల్‌లో అలాగే వదిలేశాను.

తిన్నగా ఎర్మీనియా వంటింట్లోకి వెళ్లాను.

"నా బొమ్మ మీ తమ్ముడికి ఇచ్చావా లేదా?"

ఆమె ఉల్లిపాయలు తరగడం కూడా ఆపలేదు. "వాడి కొట్టు మూతపడేలా ఉందొదినా. ఒక్క బొమ్మేగా, నీకు బొమ్మలకేం కొదవ? అయినా నేనేమన్నా గోడ దూకానా, తాళం పగలగొట్టానా? పాస్‌వర్డ్ నువ్వే కొట్టావు."

ఒక్క బొమ్మేనట! ఈ నలభై ఎనిమిదేళ్లలో నాకంటూ ఉన్నది అదొక్కటే. గీయడం పూర్తయిన రోజు నన్ను కావలించుకుని ఏడ్చింది కూడా ఈవిడే.

ఇంటికొచ్చి 'ఇల్లు' పాస్‌వర్డ్ మార్చాను. ఫోల్డర్‌కి తాళం పెట్టాను. ఏం లాభం? పండగ శనివారం వేరే బృందం నా బల్లితో ఊరంతా ఆడింది. నేను తలుపులు వేసుకుని కూర్చున్నాను.

వారం తర్వాత ఎర్మీనియా వచ్చింది, అదే చెంబుతో, ఏమీ జరగనట్టే. ఫోన్ అటూ ఇటూ తిప్పింది.

"ఒదినా, కలవట్లేదేంటి?"

లీదియా నా మొహంలోకి చూసింది. చెంబు అందుకోలేదు. తలుపు పక్కన గోడకి అంటించిన కాగితం చూపించాను.

"అక్కడ రాసుంది చూడండి, ఎర్మీనియా గారూ. మా ఇంటికొచ్చే చుట్టాలందరికీ అదేనండీ."